వేళ దాటాక పలికే సాక్షి
గుండెపోటు నిర్ధారణలో వాపు పరీక్షలు: యల్లాప్రగడ సుబ్బారావు స్మారక ఉపన్యాసం



సుబ్బారావుగారి పేరు మీద మాట్లాడమని పిలుపు రాగానే నాకు మొదట గుర్తొచ్చింది ఒక రంగు. నీలం. నేను ల్యాబులో చేరిన కొత్తలో నెత్తురులో ఫాస్ఫరస్ ఎంతుందో చూడాలంటే, సీరంలోని ప్రోటీన్లని ట్రైక్లోరో ఎసిటిక్ ఆమ్లంతో విరగ్గొట్టి, వడగట్టి, ఆ తేటలో మాలిబ్డేట్ కలిపి, పైన ఇంకో ద్రావణం చుక్కలు వేసేవాళ్ళం. కాసేపటికి నాళికలో నీలం దిగేది. ఫాస్ఫరస్ ఎక్కువున్నకొద్దీ నీలం చిక్కబడేది. గోడకి అంటించిన కాగితం మీద ఫిస్క్-సుబ్బారో పద్ధతి అని ఉండేది. ఆ సుబ్బారో మన భీమవరంలో పుట్టిన సుబ్బారావుగారేనని మా సీనియర్ టెక్నీషియన్ చెప్పేదాకా నాకు తెలియదు. ఆ రోజు ఆ నాళికని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాను.

1895 జనవరిలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, తరవాత హార్వర్డ్ చేరి 1925లో ఆ పద్ధతి ప్రకటించారాయన. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. లెడర్లీ సంస్థకి వెళ్ళాక ఫోలిక్ ఆమ్లం, మన కోస్తా ఊళ్ళల్లో బోదకాలుకి పంచిన మాత్ర, మెథోట్రెక్సేట్. ఇవి మీకు తెలిసినవే, ఏకరువు పెట్టను. అందులో రెండు మాత్రం దగ్గర పెట్టుకోండి: ఫాస్ఫోక్రియాటిన్, మెథోట్రెక్సేట్. ఇంకొకటి ఆయన మరణం. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో గుండెపోటుతో పోయారు. అప్పటికి ఆయనకి 53 ఏళ్ళు.

52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం లెక్కలు విడదీసి చూస్తే, దక్షిణాసియా వాళ్ళకి మొదటి గుండెపోటు వచ్చే సగటు వయసు 53 అని తేలింది. మిగతా దేశాల వాళ్ళకి అది 59కి దగ్గర. అంటే మనలో గుండెపోటు వచ్చేవాళ్ళలో దాదాపు సగంమందికి ఆ దెబ్బ సుబ్బారావుగారి వయసు కూడా నిండకముందే తగులుతోంది. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

చెప్పదలచింది ఒక్కటే, ముందే చెప్పేస్తాను. నెత్తురులో వాపుని చూపించే పరీక్షలు, అంటే సీఆర్‌పీ, ఈఎస్ఆర్, తెల్లకణాల లెక్క, 'ఇప్పుడు ఈ మనిషికి వచ్చింది గుండెపోటేనా' అన్న ప్రశ్నకి జవాబు చెప్పలేవు. వాటిని ఆ ప్రశ్న అడిగితే ప్రాణాలు పోతాయి. అవి జవాబు చెప్పగలిగే ప్రశ్నలు వేరే ఉన్నాయి, అవీ ముఖ్యమైనవే.

1

1948లో గుండెనొప్పితో ఆసుపత్రికి చేరిన మనిషి నెత్తురులో వైద్యులు ఏం చూడగలిగేవారు? ఈసీజీ అప్పటికే ఉంది. నెత్తురు వరకు వస్తే వాళ్ళకి దొరికేవి వాపు గుర్తులే. కొన్ని గంటల్లో తెల్లకణాలు పెరిగి పన్నెండు, పదిహేను వేలకి చేరతాయి. మర్నాటికి ఒళ్ళు వెచ్చబడుతుంది. రెండో రోజో మూడో రోజో ఈఎస్ఆర్ పెరగడం మొదలై వారాల తరబడి దిగదు.

ఎందుకిలా? గుండెకి నెత్తురు తెచ్చే నాళంలో గడ్డ కట్టి దారి మూసుకుపోతే, దాని అవతలి కండ చనిపోతుంది. చచ్చిన కండని శరీరం అలా వదిలెయ్యదు. ముందు న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు అక్కడికి చేరతాయి, వాటి వెనక శిథిలాలు ఎత్తిపోసే పెద్దకణాలు వస్తాయి. అక్కణ్ణుంచి ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి కబుర్లు కాలేయానికి అందుతాయి. కాలేయం కొన్ని ప్రోటీన్లని కుప్పలుగా తయారుచేసి నెత్తురులోకి వదులుతుంది. ఈ మొత్తాన్ని మనవాళ్ళు మంట అంటారు, వాపు అంటారు, ఆయుర్వేదంలో శోథ అని చదువుకున్నాం. నేను వాపు అనే అంటాను. పైకి ఉబ్బు కనిపించకపోయినా లోపల జరిగే పని ఇదే.

ఆ ప్రోటీన్లలో ముఖ్యమైనది సీఆర్‌పీ. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యుమోనియా రోగుల సీరంలో దీన్ని గుర్తించారు. న్యుమోకాకస్ సూక్ష్మజీవి గోడలోంచి తీసిన సీ అనే పదార్థంతో కలిపితే సీరం విరిగి మడ్డి కట్టేది. జబ్బు తగ్గగానే ఆ గుణం పోయేది. న్యుమోనియాకే ప్రత్యేకం అనుకున్నది కీళ్ళజ్వరంలోనూ కనిపించింది, 1950ల కల్లా గుండెపోటులోనూ కనిపించింది. దీని బలం, బలహీనత రెండూ అక్కడే బయటపడ్డాయి: ఒంట్లో ఎక్కడ కణజాలం దెబ్బతిన్నా ఇది పెరుగుతుంది.

ఇప్పటి పిల్లలు మిషన్లో ట్యూబు పెడితే అంకె వస్తుంది. మేం కంటితో చూసేవాళ్ళం. నల్ల గాజుపలక మీద ఒక చుక్క సీరం, పక్కన పాలలా తెల్లగా ఉండే లేటెక్స్ చుక్క. పుల్లతో రెండూ కలిపి, పలకని చేతిలో అటూ ఇటూ రెండు నిమిషాలు ఊపాలి. సీఆర్‌పీ ఉంటే తెల్లటి రవ్వలు కడతాయి, విరిగిన పాలలా. లేకపోతే పాలు పాలలాగే ఉంటాయి. రెండు నిమిషాలు దాటాక చూస్తే ఆరిపోయి రవ్వల్లా కనపడి మోసం చేస్తుంది. గడియారం ముందు పెట్టుకునే చేసేవాళ్ళం. ఈ పరీక్షలో టైమే సగం జవాబని నాకు నేర్పింది ఆ పలక.

2

1954లో దారి మారింది. న్యూయార్క్‌లో లాడ్యూ, రోబ్లెవ్‌స్కీ, కార్మెన్ అనే ముగ్గురు గుండెపోటు రోగుల సీరంలో ఎస్‌జీవోటీ అనే ఎంజైమ్ పెరుగుతుందని చూపించారు. సుబ్బారావుగారు పోయి అప్పటికి ఆరేళ్ళు. అది కాలేయంలోనూ ఉండేదే, గుండెకి ప్రత్యేకం కాదు. అయినా ఒక కొత్త ఆలోచన పుట్టింది: చచ్చిన కండకి శరీరం ఎలా స్పందిస్తోందో చూడటం కాదు, చచ్చిన కండలోంచి కారిన సరుకునే పట్టుకుందాం.

తరవాత వచ్చింది క్రియాటిన్ కైనేజ్. మన ఆసుపత్రుల్లో సీపీకే అని పిలిచేదే. ఈ ఎంజైమ్ పనిచేసేది ఏ పదార్థం మీద? ఫాస్ఫోక్రియాటిన్ మీద. కండ గబగబా పనిచెయ్యాల్సి వచ్చినప్పుడు ఫాస్ఫోక్రియాటిన్ దగ్గరున్న ఫాస్ఫేట్‌ని తీసి ఏటీపీ తయారుచేసి ఇస్తుంది. ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ: రెండింటినీ ఫిస్క్‌తో కలిసి బయటపెట్టింది సుబ్బారావుగారే. తన ప్రాణం తీసిన జబ్బుని లోకం కొన్ని దశాబ్దాలపాటు తాను తవ్వితీసిన రసాయనం చుట్టూనే కనిపెట్టింది. విద్యార్థులారా, సీపీకే రిపోర్టు చూసినప్పుడు ఒక్కసారి భీమవరం గుర్తు తెచ్చుకోండి.

1980ల చివరికి ట్రోపోనిన్ వచ్చింది. గుండెకండ ముడుచుకోవడానికి ఉండే ప్రోటీన్ అది. గుండెలోని ట్రోపోనిన్ ఐ, టీ ఒంటి కండల్లో ఉండే వాటికంటే వేరు. అందుకని నెత్తురులో అది కనపడితే గుండెకండ దెబ్బతిన్నట్టే. ఎందుకు దెబ్బతింది అన్నది ఇంకో ప్రశ్న. మూత్రపిండాల జబ్బులోనూ, గుండెకండకి వైరస్ సోకినా, ఒళ్ళంతా ఇన్‌ఫెక్షన్ పాకినా పెరుగుతుంది. 2018 నాటి అంతర్జాతీయ నిర్వచనం ప్రకారం ఆరోగ్యవంతుల్లో నూటికి తొంభై తొమ్మిది మందిలో ఉండే హద్దుని అది దాటాలి, గంటల వ్యవధిలో పెరగడమో తగ్గడమో కనపడాలి. దానితోపాటు నొప్పి కానీ, ఈసీజీ మార్పు కానీ, గుండెకి నెత్తురు అందట్లేదనే ఇంకో రుజువు కానీ ఉండాలి.

ఆ నిర్వచనంలో సీఆర్‌పీ లేదు, ఈఎస్ఆర్ లేదు, తెల్లకణాలు లేవు. ఎవరో మరిచిపోయి వదిలేసింది కాదు.

3

ఎందుకు లేవో ఒక మనిషి కథతో చెబుతాను. పదేళ్ళ కిందటి మాట. రైసు మిల్లులో మేస్త్రి, వయసు 47. తెల్లవారుజామున 4 గంటలకి గుండెల్లో పట్టేసినట్టయింది, చెమటలు పోశాయి. ఇంట్లోవాళ్ళు ముందు సోడా తాగించారు, తరవాత మోటారు సైకిలు మీద కూర్చోబెట్టి దగ్గర్లోని ఒక నర్సింగ్ హోముకి తీసుకెళ్ళారు. ఈసీజీలో చిన్న అనుమానం, అంతే. 5:15కి నెత్తురు తీశారు. కార్డు మీద చేసే ట్రోపోనిన్ నెగటివ్. సీఆర్‌పీ 2.1. 'వాపు లేదు, గుండె బాగుంది, గ్యాస్' అని ఇంజెక్షన్ ఇచ్చి ఇంటికి పంపారు.

రాత్రి 9 దాటాక మా ఆసుపత్రికి వచ్చాడు. ఈసీజీ చూడగానే తెలిసిపోయింది. ట్రోపోనిన్ హద్దు దాటి ఎక్కడో ఉంది. మర్నాడు పొద్దున్న సీఆర్‌పీ 46. బతికాడు. కానీ గుండె ముందుగోడ కదలిక మాత్రం మళ్ళీ మామూలు కాలేదు. అతని భార్య నాకు పొద్దుటి రిపోర్టు చూపించింది. నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దాచుకుంది, చెమటకి అంచులు మెత్తబడ్డాయి. సీఆర్‌పీ ఎదురుగా 'నార్మల్' అన్న మాట చుట్టూ ఎవరో ఎర్ర పెన్నుతో సున్నా చుట్టారు. "ఇంత బాగా రాసిచ్చారు కదండీ, మరి ఇదెలా వచ్చిందండీ" అని అడిగింది.

ఆ రిపోర్టులో అంకె తప్పు కాదు. నొప్పి మొదలైన గంటంబావుకి అతని నెత్తురులో సీఆర్‌పీ అంతే ఉంటుంది. చచ్చే కండ నుంచి కబురు కాలేయానికి చేరాలి, కాలేయం ప్రోటీన్ తయారుచెయ్యాలి, అది నెత్తురులో పేరుకోవాలి. దానికి ఆరు గంటలు పడుతుంది. అక్కణ్ణుంచి ఎనిమిది గంటలకొకసారి రెట్టింపవుతూ, రెండు రోజులు దాటేసరికి శిఖరానికి చేరుతుంది. గుండెకండని కాపాడుకునే వేళ మొదటి కొద్ది గంటలే. నాళం తెరవడానికి మందు ఎక్కించాలన్నా, బెలూను పెట్టాలన్నా ప్రతి అరగంటా విలువైనది. ఆ వేళలో సీఆర్‌పీ నోరు విప్పదు. విప్పేటప్పటికి జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది.

ఆ మొదటి ట్రోపోనిన్ విషయమూ అంతే. పాతరకం కార్డు పరీక్షలో అది పెరగడానికి మూడు నుంచి ఆరు గంటలు పట్టేది. ఇప్పటి అతి సున్నితమైన పరీక్షలు ఒకటి, రెండు, మూడు గంటల తేడాతో రెండుసార్లు చూసి తేల్చగలుగుతున్నాయి. రెండోసారి చూడటమే అసలు పని. ఈసీజీలో నాళం పూర్తిగా మూసుకున్న గుర్తు స్పష్టంగా ఉంటే ఏ నెత్తురు పరీక్ష కోసమూ ఆగకూడదు. ఆసుపత్రి గుమ్మం తొక్కిన పది నిమిషాల్లో ఈసీజీ తీసి చూడాలన్నది ఎన్నో ఏళ్ళుగా ఉన్న నియమం.

ఇందుకు తిరగబడిన కథలు మీలో చాలామంది చూసే ఉంటారు. న్యుమోనియాతో ఛాతీ నొప్పొచ్చిన పెద్దావిడకి సీఆర్‌పీ 180 అని రాగానే ఇంటిల్లిపాదీ గుండె జబ్బని భయపడిపోతారు. పంటి చిగురు చీము పట్టినా, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, మోకాళ్ళు వాచినా అది పెరుగుతుంది. లేనప్పుడు ధైర్యం చెప్పలేదు, ఉన్నప్పుడు ఎక్కడో చెప్పలేదు. అత్యవసర గదిలో గుండెపోటు తేల్చడానికి దాన్ని పిలవొద్దని నేను గట్టిగా అంటున్నది ఇందుకే.

4

అయితే సీఆర్‌పీని పారెయ్యాలా? అక్కర్లేదు. ప్రశ్న మార్చాలి.

గుండె నాళాల గోడల్లో కొవ్వు పేరుకోవడాన్ని చాలాకాలం పైపులో పాచి పట్టడంలా చూశాం. పంతొమ్మిదో శతాబ్దంలోనే జర్మనీలో విర్కో అది వాపు పని అని రాశాడు. 1999లో రస్సెల్ రాస్ ఆ మాటని కొత్త రుజువులతో నిలబెట్టాడు. కొవ్వు పేరుకున్నచోట తెల్లకణాలు చేరి, దానిపైన ఉన్న పలచటి పొరని తినేస్తూ ఉంటే, ఒకనాడు ఆ పొర చిరుగుతుంది. అప్పుడు గడ్డ కడుతుంది. అంటే గుండెపోటుకి వెనక రెండు రకాల వాపులున్నాయి. ఒకటి ఏళ్ళ తరబడి నాళం గోడలో సన్నగా రాజుకునేది. రెండోది కండ చచ్చాక ఒక్కసారిగా భగ్గుమనేది. రెండింటినీ కొలిచేది ఒకే ప్రోటీన్ కావడంతోనే గందరగోళమంతా వస్తోంది.

ఆ సన్నటి వాపుని పట్టుకోవడానికి పాత పలక చాలదు. మామూలు పరీక్షకి కనపడనంత చిన్న పరిమాణాలు చూడగలిగే హెచ్ఎస్-సీఆర్‌పీ వచ్చింది. 1997లో పాల్ రిడ్కర్ బృందం అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న మగ వైద్యుల నెత్తురు నమూనాలని తీసి చూసింది. సీఆర్‌పీ పై పాతిక శాతంలో ఉన్నవాళ్ళకి, అడుగు పాతిక శాతంతో పోలిస్తే, తరవాతి ఏళ్ళలో గుండెపోటు దాదాపు మూడు రెట్లు వచ్చింది. ఆస్పిరిన్ మేలు కూడా పైనున్నవాళ్ళకే ఎక్కువ. అంతకు మూడేళ్ళ ముందు ఇటలీలో, విశ్రాంతిలోనూ నొప్పి వస్తున్న రోగుల్లో, ఆసుపత్రికి వచ్చేటప్పటికే సీఆర్‌పీ ఎక్కువున్నవాళ్ళ పరిస్థితి మిగతావాళ్ళకంటే విషమించిందని లియుజ్జో, మసేరి చూపించారు.

2003లో అమెరికా నిపుణులు హద్దులు పెట్టారు: లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు తక్కువ ప్రమాదం, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. 10 దాటితే ఆ అంకెని గుండె లెక్కలో వెయ్యకూడదు. ఏదో ఇన్‌ఫెక్షనో వాపో ఉన్నట్టు, అది తగ్గాక మళ్ళీ చూడాలి. ఇక్కడ మనవాళ్ళకి ఒక ముఖ్యమైన మాట. మన దగ్గర జ్వరాల కాలం పొడుగు. చిగుళ్ళ జబ్బు, పొట్ట చుట్టూ కొవ్వు, పొగ, ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది. వానాకాలం జ్వరం తగ్గిన వారానికి హెల్త్ ప్యాకేజీలో హెచ్ఎస్-సీఆర్‌పీ 6 వస్తే, అది గుండె గురించి చెప్పేది చాలా తక్కువ. ఒంట్లో బాగున్నప్పుడు, రెండు వారాల ఎడంతో రెండుసార్లు చేయించి సగటు చూస్తేనే అర్థం ఉంటుంది. అదీ బీపీ, షుగరు, కొలెస్ట్రాల్, పొగతాగడం చూసిన తరవాత, మందు మొదలుపెట్టాలా వద్దా అని తూగుతున్న మనిషి విషయంలోనే.

ఇక గుండెపోటు వచ్చేసిన మనిషిలో రెండు మూడు రోజులకి సీఆర్‌పీ ఎంత ఎత్తుకి వెళ్ళిందన్నది కండ ఎంత పోయిందో, ముందు ముందు గుండె నీరసించే అవకాశం ఎంతో సూచిస్తుంది. అక్కడ అది మంచి సాక్షి.

5

వాపు గుర్తు పెరిగితే ప్రమాదం పెరుగుతుంది సరే, వాపు తగ్గిస్తే ప్రమాదం తగ్గుతుందా? 2008లో జూపిటర్ అనే అధ్యయనం కొలెస్ట్రాల్ పెద్దగా లేకపోయినా సీఆర్‌పీ 2 నుంచి పైకి ఉన్న 17,802 మందిలో సగంమందికి రోసువాస్టాటిన్ ఇచ్చింది. గుండెపోటు, పక్షవాతం లాంటివన్నీ కలిపి 44 శాతం తగ్గాయి. కానీ స్టాటిన్ కొలెస్ట్రాల్‌నీ దించుతుంది, వాపునీ దించుతుంది. మేలు దేనివల్లో చెప్పడం కష్టం.

అందుకని వాపుని మాత్రమే కొట్టే మందు కావాల్సొచ్చింది. 2017లో కాంటోస్ అధ్యయనంలో, అప్పటికే గుండెపోటు వచ్చిన 10,061 మందిలో కెనాకినుమాబ్ అనే ఇంజెక్షన్ పరీక్షించారు. కొలెస్ట్రాల్ కదల్లేదు, సీఆర్‌పీ దిగింది, 150 మిల్లీగ్రాముల మోతాదులో మళ్ళీ వచ్చే దెబ్బలు 15 శాతం తగ్గాయి. విర్కో మాట నిజమేనని తేలిన రోజది. అయితే ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి, మొత్తం మరణాలు తగ్గలేదు.

ఇంకొకటి. జన్యువుల వల్ల పుట్టుకతోనే సీఆర్‌పీ ఎక్కువుండేవాళ్ళకి గుండెపోట్లు ఎక్కువ రావట్లేదని 2008లో డెన్మార్క్ పరిశోధకులు చూపించారు. అంటే సీఆర్‌పీ కబురు మోసుకొచ్చేదే కానీ నేరం చేసేది కాదు. దాని వెనక ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 దారి ఉంది. అక్కడ కొడితేనే పని.

ఇప్పుడు మెథోట్రెక్సేట్ దగ్గరికి వద్దాం. లెడర్లీలో సుబ్బారావుగారి బృందం చేతిలో పుట్టిన మందు. లుకేమియాకి మొదలై, కీళ్ళవాతానికి వారానికో మాత్రగా మన ఊళ్ళదాకా వచ్చింది. కీళ్ళ వాపు తగ్గిస్తుంది కదా, నాళాల వాపూ తగ్గిస్తుందేమోనని గుండెజబ్బున్న 4,786 మందిలో సర్ట్ అనే అధ్యయనం చేసి 2018 చివర్లో ఫలితం ప్రకటించారు. ఇంటర్‌ల్యూకిన్లు తగ్గలేదు, సీఆర్‌పీ తగ్గలేదు, గుండెపోట్లూ తగ్గలేదు. ఆ వ్యాసం చదివి మొదట నా మనసు చివుక్కుమంది. ఇంకోసారి చదివితే తెలిసింది: ఈ ఓటమి వల్లే కాంటోస్ గెలుపుకి అర్థం ఏర్పడింది. ఏ వాపునైనా తగ్గిస్తే చాలదు, ఏ దారిలో తగ్గించామన్నది లెక్క. ఆ మాట తేలడానికి సుబ్బారావుగారి మందే కావాల్సొచ్చింది. కొలిచి చూడందే ఏదీ నమ్మని ఆయనకి ఇది నచ్చేదనుకుంటాను.

వాపు తగ్గించే ఇంకో మందు, అగ్నిశిఖ గడ్డలో, గింజల్లో ఉండే కోల్చిసిన్ సంగతి ఇంకా తేలలేదు. (గడ్డా, గింజలూ విషమే, దయచేసి ఎవరూ ప్రయత్నం చెయ్యొద్దు.) 2019లో 4,745 మందిలో చిన్న మోతాదు మేలు చేసింది. 2024లో ఏడు వేలమందిలో గుండెపోటు వచ్చిన వెంటనే ఇచ్చి చూస్తే మేలు కనపడలేదు.

6

ల్యాబు మిత్రులకి ఒక విన్నపంతో ముగిస్తాను. ఆ మిల్లు మేస్త్రి కేసు తరవాత మా పరీక్ష చీటీ మీద రెండు గళ్ళు కొత్తగా గీయించాం. మొదటిది 'నొప్పి మొదలైన టైము', రెండోది 'నెత్తురు తీసిన టైము'. ఆ రెండూ నింపకుండా గుండె శాంపిల్ తీసుకోవద్దని మా పిల్లలకి చెప్పాం. ట్రోపోనిన్ నెగటివ్ వచ్చి, రెండు టైముల మధ్య మూడు గంటలు కూడా లేకపోతే, రిపోర్టు కింద 'మళ్ళీ పంపండి' అని చేత్తో రాసి వార్డుకి ఫోన్ చేస్తాం. ఛాతీ నొప్పి కేసుల్లో సీఆర్‌పీ రిపోర్టు మీద 'నార్మల్' అన్న మాట అచ్చువెయ్యడం మానేశాం. అంకె ఇస్తాం, టైము ఇస్తాం. మీ ల్యాబుల్లోనూ ఆ రెండు గళ్ళు గీయించండి. దానికి మిషన్ అక్కర్లేదు.

రెండేళ్ళకి ఆ మేస్త్రి తమ్ముడికి ఛాతీలో నొప్పొచ్చింది. ఈసారి సోడా తాగించలేదు, 108కి ఫోన్ చేశారు. వెంట వచ్చింది వదినగారే, అప్పుడు జాకెట్లోంచి రిపోర్టు తీసి చూపించినావిడ. కౌంటర్లో మా అమ్మాయి ఇంకా అడగకముందే ఆవిడ అరచెయ్యి చాపింది. బాల్‌పెన్నుతో 8:20 అని రాసుకుని వచ్చింది. మా అమ్మాయి ఆ అంకె చీటీ మీద మొదటి గడిలో ఎక్కించి, నెత్తురు తీయగానే గోడ గడియారం చూసి రెండో గడిలో 8:55 వేసింది.